ఇంజిన్ మీది దుమ్ము

జూలై పన్నెండో తేదీని సుందర్ రావు సర్వపిండితో సహా గుర్తుపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన వాళ్ల సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు ఫాతిమానగర్‌లోని ఆయన ఇంటికి వచ్చారు. ఇంట్లో పనిచేసే కట్టమ్మ పల్లీలు, నువ్వులు దండిగా వేసి, గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి తెచ్చి ముందు పెట్టింది. సుందర్ రావు నోటి నిండా ముక్క పెట్టుకున్న సమయం చూసి వాళ్లు అసలు సంగతి ఎత్తారు. ఆయన భార్య హన్నమ్మ వాళ్ల నాయన ఒకప్పుడు నడిపిన ఆవిరి ఇంజిన్‌కు ఆయన కట్టిన బొమ్మను తమ హాల్లో పెట్టుకుంటామని, అద్దాల పెట్టె కూడా చేయించామని. నోట్లో సర్వపిండి ఉన్న మనిషికి తల అడ్డంగా ఊపడం కంటే నిలువుగా ఊపడమే తేలిక. ఆయన ఊపాడు. ఈ శనివారం వాళ్లు ఇంజిన్ కోసం ఆటో తీసుకొని వస్తున్నారు.

పోయిన వారం మనం ఆయన్ను చేతిలో రంగు చిమ్మే గన్నుతో, అదే ఎయిర్‌బ్రష్‌తో, మీట నొక్కలేక నిలబడిపోయిన చోట వదిలి వచ్చాం. కారణం చిన్నదే, ఆయనకు తప్ప.

సుందర్ రావు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. రైళ్లు, బస్సులు, లారీలు అసలు కొలతలు తప్పకుండా కుదించి బొమ్మలుగా కట్టడం ఆయన వ్యాపకం. భార్య హన్నా ఉన్నన్నాళ్లూ ఆ పనిలో ఇద్దరికీ వాటా ఉండేది. కట్టడం, రంగు వేయడం, రంగు మీద కాపుగా రంగులేని లక్కర్ కొట్టడం ఆయనది. అలా నిగనిగలాడే బొమ్మను నిజంగా ఎండలో, వానలో తిరిగి అలసిన బండిలా మార్చడం ఆమెది. బొగ్గు మసి, ఇటుక పొడి, ఖిలా వరంగల్ నుంచి తెచ్చిన ఎర్రమట్టి మెత్తగా నూరి, పలచటి గుడ్డలో వడగట్టి, వేలి కొసతో అద్దేది. "నువ్వు పెండ్లికొడుకును చేస్తవ్. నేను డ్యూటీకి తోలుత" అని నవ్వేది.

ఆమె చివరిసారి మట్టి అద్దింది ఈ ఇంజిన్‌కే. అద్దిన పొడి రాలిపోకుండా పైన ఇంకో పూత లక్కర్ కొట్టాలి. అది కొట్టేలోపలే ఆమె దవాఖానకు వెళ్లింది. తిరిగి రాలేదు. అది జరిగి రెండేళ్లు. పొడి ఇంకా పొడిగానే ఉంది. ఆటో కుదుపులకు కాజీపేట చేరేలోగా సగం రాలుతుంది. రాలకుండా లక్కర్ కొడితే ఆ తడికి సగం మాయమవుతుంది. ఒక రేకు ముక్క మీద వేసి చూసుకొని, అద్దిన మట్టి కళ్ల ముందే కరిగిపోవడం చూసి, ఆయన చెయ్యి ఆగిపోయింది. హన్నా వేళ్ల పని ఆయన దగ్గర ఇంకెక్కడా మిగల్లేదు. అంతకుముందు చేసిన బొమ్మలన్నీ వాళ్లకూ వీళ్లకూ ఇచ్చేశారు.

గురువారం నాడు వాన తెరిపి ఇచ్చింది. ముసురులో లక్కర్ కొడితే తేమ పట్టి పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. అందుకని ఇన్నాళ్లూ వాతావరణం మీద నెపం పెట్టి తప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ నెపం కూడా పోయింది. మేడ మీద కట్టమ్మ దుప్పట్లు దులిపి ఆరేస్తున్న చప్పుడు వింటూ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. పోయేది ఎలాగూ పోతుంది. పోయేముందు అంగుళం అంగుళం ఫొటో తీసి పెట్టుకుంటాను.

ముక్కుకు మాస్కు కట్టుకున్నాడు. ఊపిరి తగిలితే పొడి కదులుతుందని భయం. ఆ భయంతోనే రెండేళ్లుగా ఇంజిన్ మీద గాజు మూత పెట్టి, దూరం నుంచే చూసుకుంటూ వచ్చాడు. మూత రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో భూతద్దం పెట్టి, వంగి చూశాడు.

చాలా బాగుంది. అదే ఆయనకు మొదట తట్టిన అనుమానం.

హన్నా పని బాగుండేది కాదు. నిజంగా ఉండేది. ఒకచోట అవసరానికి మించి మసి, పక్కనే ఏమీ లేకుండా ఖాళీ. డ్రైవరు మెట్టెక్కుతూ బూటు తగిలించే చోట మట్టి ముద్ద. తండ్రి చొక్కాలు ఉతికి పెరిగిన మనిషి కాబట్టి ఇంజిన్ మురికి ఎక్కడ ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. ఇక్కడ మురికి అలా లేదు. కింద ముదురుగా మొదలై, పైకి పోయేకొద్దీ ఎక్కడా తెగకుండా లేతబడి, అంచు దగ్గర దాదాపు పారదర్శకంగా ముగుస్తోంది. చక్రాల పైన అలాగే, నీళ్ల ట్యాంకు మీద అలాగే.

ఇంకొకటి కూడా ఉంది. లక్కర్ తింటుందని తెలిసి హన్నా ఎప్పుడూ రెండింతలు అద్దేది. "నీ లక్కర్ వాటా కూడ ఏసిన" అనేది. ఆయనకు ఎదురుగా ఉన్న ఈ ఎడమ పక్క పొడి ఒక్క పొరే ఉంది. ఎన్నడూ లక్కర్ పడదని అనుకున్నవాళ్లు వేసినట్టు.

సుందర్ రావు భూతద్దం బల్ల మీద పెట్టాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక దాని అవసరం లేదనిపించింది. కుర్చీలో కూర్చున్నాడు. ఎండ గోడ మీదికి పాకేదాకా అలాగే కూర్చున్నాడు.

బయట స్కూటీ ఆగింది. వచ్చింది మౌనిక, హన్నా తమ్ముడి కూతురు. హనుమకొండలో పళ్లు కట్టే ల్యాబులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చు చూసుకొని, ఊడిన పన్ను స్థానంలో కొత్త పన్ను పింగాణీతో చేసి, పక్క పళ్ల పసుపుకూ, పాతదనానికీ సరిపోయేలా రంగు దిద్దడం ఆమె పని. అత్తమ్మ పోయినప్పటి నుంచి ల్యాబు అయిపోగానే ఇటు వచ్చి, మామ తిన్నాడా లేదా చూసి, కట్టమ్మతో కాసేపు కొట్లాడి ఇంటికి పోవడం ఆమెకు అలవాటు.

"ఏంది మామా, చీకట్ల కూసున్నవ్? లైటన్న ఏసుకోవా?" అంటూ స్విచ్చు నొక్కింది. "పొద్దున ఫోన్ల చెప్పినవ్ గద, ఫొటోలు తీసుడు అయిపోయిందా? నేను పట్టుకుంట, నువ్వు తియ్యి."

"మౌనికా, ఒకటి అడుగుత చెప్పు" అన్నాడు సుందర్ రావు. "పన్నుకు రంగు ఏసేటప్పుడు యాడ ముదురు ఏస్తరు?"

"చిగుళ్ల కాడ ముదురు. కొసకు పోయినకొద్దీ లేత. ఆఖరుకు అద్దం లెక్క ఉండాలె." చేతిసంచీ కుర్చీకి తగిలిస్తూ నవ్వింది. "ఎందుకు? పన్ను నొస్తాందా? మా డాక్టరుకు చెప్పాల్నా?"

ఆయన భూతద్దం అందించాడు. "చూడు."

ఆమె వంగింది. చాలాసేపు లేవలేదు. చూడ్డానికి అంతసేపు అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

"ఎవరి పని అది?"

మౌనిక భూతద్దం వదల్లేదు. "ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. ఎవరి పని అంటున్న."

"నాదే మామా."

సుందర్ రావుకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. క్లాసులో పిల్లలు దానికే ఎక్కువ భయపడేవాళ్లు. "రెండేండ్లు" అన్నాడు. "పొద్దున లేస్తే ముందు దీని మొఖం చూసిన. పడుకునేముందు దీనికి చెప్పి పడుకున్న. ఊపిరి బిగబట్టుకొని గాజు తుడిచిన మౌనికా. నీ దుమ్ముకు!"

"మామా..."

"ఆమె చెయ్యి ఎటుపోయింది మరి? ఆమె అద్దిన మట్టి ఏమైంది?"

"పోయింది మామా. నేను చూసేసరికే పోయింది." మౌనిక స్టూలు మీద కూలబడింది. "అత్తమ్మ జ్ఞాపకార్థ కూడిక రేపనంగ వచ్చిన చూడు, ఇల్లు సదురుదామని. నువ్వు పాస్టరు గారి ఇంటికి పోయినవ్. ఈ అర్రలకొచ్చి లైటేస్తే ఇంజిను తళతళ మెరుస్తాంది. షోరూంల బండి లెక్క. ఒక్క చిటికెడు మట్టి లేదు. నాకు కాళ్లు చేతులు ఆడలే."

"నాకు ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు అప్పుడు ఎట్లున్నవో నీకు యాదుందా? ముద్ద కలుపుకొని, కలుపుకొని, అట్లనే చెయ్యి కడుక్కునేటోనివి. నువ్వు కూడికల అత్తమ్మ గురించి మాట్లాడుతూ, ఆమె చేతి పని ఇంకా ఇంట్ల ఉన్నది అని చెప్తనన్నవ్. పొద్దుగాల అందరి ముందు ఈ తలుపు తీసి చూపిస్తనన్నవ్. అందుకే కూసొని ఏసిన. అత్తమ్మ సీసాలు అన్నీ ఈడనే ఉండె. ఫోన్ల పాత ఫొటో ఒకటి ఉండె." కళ్లు తుడుచుకుంది. "మంచిగ కుదిరిందనే అనుకున్న."

"మంచిగనే కుదిరింది. అదే తప్పు."

ఆ మాటకు ఆమెకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. కానీ కోపం ఉన్నచోట నిలవలేకపోతున్నట్టు ఆయనకే తెలుస్తోంది. అన్నం మానేసిన మనిషి కోసం ఒక పిల్ల ఒంటరిగా కూర్చొని దుమ్మును అచ్చుగుద్దింది. దాన్ని ఏ పేరుతో తిట్టాలి?

"ఎవరు తుడిచిన్రు?" అని అడిగాడు.

మౌనిక వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఇంకెవరు? పాపం ఆమెకేం తెలుసు. కూడికకు ఇల్లంత కడుగుతుండె. బండి మీద దుమ్ము పేరుకున్నదని తడిగుడ్డ పెట్టి ఉంటది. అడిగితే తట్టుకోలేదని ఇయ్యాల్టి దాక ఆమెను కూడ అడగలే. నువ్వు కూడ అడగకు మామా. అత్తమ్మంటే పానం ఇచ్చేది."

"ఎవలు తుడిచిండ్రంటానవ్?"

టీ గ్లాసుల పళ్లెంతో కట్టమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో టీ మీద మీగడ చెబుతోంది.

"ఏం లేదు కట్టమ్మా" అన్నాడు సుందర్ రావు.

"ఏం లేకపోవుడేంది సారూ, చెవులార ఇన్న!" పళ్లెం బల్ల మీద పెట్టిన చప్పుడుకు గ్లాసులు ఎగిరాయి. "గీ పిల్ల పుట్టకముందు సంది గీ ఇంట్ల ఊడుత్తాన. ఏది ఊడ్చే దుమ్మో, ఏది అమ్మ అద్దిన దుమ్మో నాకు ఫరకు తెల్వదా? అమ్మ గా పొడి నూరుతాంటే పక్కన కూసోని గుడ్డ పట్టినదాన్ని నేను! పండ్లు చేసేటిదానివి, నీకేం ఎరుక?"

"నేను తిట్టలే కట్టమ్మా, పాపం అనే అన్న."

"గా పాపమే నాకద్దు!"

"మరి ఎవరు తుడిచిన్రు?" అన్నాడు సుందర్ రావు రెండోసారి.

కట్టమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. ఇంజిన్ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "అమ్మనే" అంది.

టీ పళ్లెం పక్కకు జరిపింది.

"మీరు నర్సంపేట పెండ్లికి పోయిండ్రు సూడుండ్రి, అమ్మను దవాఖానకు తోల్కపోయే వారం ముందల. గప్పుడు. మంచంల నుంచి లేచొచ్చి గీ బల్ల కాడ కూసున్నది. తడిగుడ్డ తెమ్మన్నది. గంత కష్టపడి అద్దింది అంత ఆమె చేతులతోనే తుడిచింది. ఏందమ్మా గిది, సారు చూత్తే ఏమంటడు అన్న. ఏమన్నదో ఎరుకనా? 'కట్టమ్మా, ఏండ్లసంది ఆయన మెరిసేటట్టు చేసుడు, నేను దాని మీద మట్టి పోసుడు. ఆయన చేసిన మెరుపు ఎవ్వలు సూడకుంటనే పోయింది. ఒక్కటన్న ఆయన చేసినట్టు ఉండనియ్యి' అన్నది."

సుందర్ రావు కళ్లజోడు తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకు ఎందుకు చెప్పలే?" ఈ ప్రశ్న ఈ సాయంత్రం ఆయన అడగడం రెండోసారి.

"సెప్పకన్నది. మీరే సూత్తరన్నది. తర్వాత దవాఖాన, గా ఫికర్ల ఎవలు సూసిండ్రు? కూడిక నాడు సూద్దును గదా, మళ్ల దుమ్ము ఉన్నది. సారే అమ్మ యాదికి మళ్ల ఏసుకున్నడేమో, మనమెందుకు నోరు తెరుసుడు అని ఊకున్న."

ముగ్గురూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఒకరు బాధపడతారని ఒకరు, ఒకరు సిగ్గుపడతారని ఒకరు, రెండేళ్లు ఒకే ఇంట్లో టీ తాగుతూ నోరు మూసుకున్నారు. సుందర్ రావుకు ఆ క్షణంలో కలిగింది దుఃఖం అని చెప్పలేం. తనకు తెలియకుండా తన చుట్టూ ఇంత జాలి నడుస్తోందా అన్న ఆశ్చర్యం. గ్లాసు తీసుకొని చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

"అయితే దీని కింద ఉన్నది నా లక్కరే" అన్నాడు మెల్లగా. "తుడిస్తే ఆమె చూపించమన్నదే కనిపిస్తది."

"మీ ఒక్కలదే గాదు సారూ. అమ్మ గూడ కొట్టింది."

"ఏం కొట్టింది?"

"గదే, మీ గన్నుతోని. తుడిసినంక అక్కడక్కడ మసకలు పడ్డయి. సారు కొట్టినట్టే కొడుత అని, గా సీసాల మందు పోసుకొని కొట్టింది. చేతులు వణుకుతాంటే జారుతదని నన్ను పట్టుకొమ్మన్నది. బాగనే కొట్టింది. కొట్టినంక..." కట్టమ్మ ఆగింది. "ఆరకముందే దాని మీద అరచెయ్యి పెట్టింది."

లక్కర్ ఆరకముందు వేలు తగిలితే ఆ వేలిముద్ర ఇక పోదు. బొమ్మలు చేసేవాళ్లు ఇంట్లోవాళ్లను తిట్టే తిట్లలో సగం దానికే.

"అద్దమ్మా, సారు తిడుతడు అన్న. 'తిట్టనియ్యి. ఇన్నేండ్లు ముట్టుకోకు ముట్టుకోకు అన్నడు. ఒక్కపారి ముట్టుకుంట' అని నవ్వింది. చెయ్యి తియ్యలే. సానసేపు తియ్యలే."

సుందర్ రావు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. బల్ల అంచు పట్టుకున్నాడు. మట్టి కాదు. మట్టి రాలిపోయేది. ఆమె చెయ్యే ఉంది, గట్టిపడిన లక్కర్‌లో, ఈ దుమ్ము కింద. ఆటో కుదుపులకు పోనిది.

"మౌనికా, తడి బ్రష్ తే" అన్నాడు.

మౌనిక కదల్లేదు. స్టూలు మీంచి లేచి, గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"ఏమైంది?"

"మామా... నేను ముద్రలు చూసిన. దుమ్ము ఏసేముందు. లక్కర్ల వేలిగీతలు పడి ఉండె. ఎవరో ఆరకముందే పట్టుకున్నరు, పాడు చేసిన్రు అనుకున్న. మా పనిల మెరుపు మీద మరక ఉంటే ఆ పన్ను వాపస్ వస్తది మామా. చెయ్యి దానంతటదే పోయింది. సన్న ఎమెరీ పేపర్ తడిపి, రుద్ది, సాపు చేసిన."

"అంతటనా?"

"ఎడమ దిక్కు. ఎడమ దిక్కు మొత్తం. కుడి దిక్కు చేసే టైం లేకుండె. ఇంక నువ్వు పాస్టరు గారి ఇంటి నుంచి వచ్చే యాల్లయితాంది. ఆ దిక్కు ముద్రల మీదనే పొడి ఏసిన. గీతలల్ల పొడి ఇరుక్కుంటుంటే దాని మీద ఇంకింత ఏసి దాచిన."

"అయితే కుడి దిక్కు ఉన్నది" అన్నాడు సుందర్ రావు. ఆయన గొంతు మళ్లీ తగ్గింది. ఈసారి కోపంతో కాదు. "కట్టమ్మా, ఆమె చెయ్యి పెట్టింది యే దిక్కు?"

కట్టమ్మ బల్ల ముందుకు వచ్చి, గాలిలో రెండు చేతులూ చాపి, లేని ఇంజిన్‌ను పట్టుకున్నట్టు నిలబడింది. "నేను ఒక దిక్కు పట్టుకున్న. ఒక్క చెయ్యి కింద, ఒక్క చెయ్యి పక్కకు. గా పక్కకు నా చెయ్యి కూడ అంటుకున్నది, ఇడిపిచ్చుకుంటే జిగట జిగట అయింది. అమ్మ నాకు ఎదురుంగ కూసున్నది. కిటికీ నా ఎనుక... కాదు, కిటికీ గిటు... గప్పుడు బల్ల గీడ లేదు గద సారూ. కూడికకు కుర్సీలు ఏత్తానికి గిటు జరిపినం." అటు తిరిగింది, ఇటు తిరిగింది. చేతులు మార్చి మార్చి చూసుకుంది. చివరికి రెండు చేతులూ కిందికి జారిపోయాయి. "యాదికొత్తలేదు సారూ. ఒక దిక్కు నా చెయ్యి, ఒక దిక్కు అమ్మ చెయ్యి. ఏది ఏ దిక్కో దేవుని తోడు యాదికొత్తలేదు."

మౌనిక మొఖం రెండు చేతులతో కప్పుకుంది.

సుందర్ రావు ఇంజిన్ చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లాడు. డ్రైవరు కిటికీ కింద మౌనిక మందంగా అద్దిన ఎర్రమట్టి, ఎటు చూసినా మట్టిలాగే ఉంది. బ్రష్ ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. నాలుగు సార్లు తడి తగిలితే తేలిపోతుంది. తేలిపోయిన తరువాత ఇక అనుకోవడానికి ఏమీ ఉండదు.

"ఇప్పుడు కాదు" అన్నాడు. "ఈ లైటుకు కాదు. పొద్దున ఎండ పడ్డంక."

"మామా, అది గనుక..."

"పొద్దున." ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఇంటికి ఫోన్ చేసి, ఈడనే పండుకుంటనని చెప్పు. అన్నం తిందువు రా. ఎమెరీ పేపర్ పట్టిన చెయ్యే కదా, ఒక్క పూట నాకు పప్పు వడ్డిస్తే పోయేదేం లేదు."

కట్టమ్మ అక్కడే నిలబడి తన అరచేతులు చూసుకుంటోంది. ఇన్నేళ్లలో మొదటిసారి, అవి పెద్దవో చిన్నవో ఆమె లెక్క చూసుకుంటున్నట్టుంది. "సారూ" అంది. "గది నా చెయ్యే అయితే?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గాజు మూత ఎత్తి ఇంజిన్ మీద పెట్టింది. ఇద్దరూ వంటింట్లోకి నడిచాక లైటు ఆర్పి, లోపల ఎవరో నిద్రపోతున్నంత మెల్లగా, ఆ గది తలుపు దగ్గరికి వేసింది.